సిస్టర్ ట్వెంటీ అవర్స్

యోగానంద్‌కి కాలు ఒకచోట నిలవదు. సిద్దిపేటలోనే అంతే, కెనడాలో స్కార్‌బరో వచ్చాక మరీ ముదిరింది. బస్సులో సీటు ఖాళీ ఉన్నా నిలబడే పోతాడు. కాలేజీలో, వేర్‌హౌస్ పనిలో, ఎక్కడ చూసినా కాలుగాలిన పిల్లే. చూసినవాళ్ళు వీసా టెన్షన్ అనుకునేవారు. విమానాలకు విమానాలు స్టూడెంట్లే దిగుతున్న రోజులవి, ఆ టెన్షన్ లేనివాడెవడు? ఇతనిది వేరే. తన మనసు అబ్బాయిల మీదికే పోతుందని ఇంటర్‌లోనే తెలిసింది. అప్పట్నుంచీ ఆ సంగతి ఇంకెవరికి తెలిసిపోతుందోనని ఒకటే గాబరా.

మొదటి చలికాలం జేబు ఖాళీ అయి, కమ్యూనిటీ సెంటర్లో ఊరికే సరుకులిస్తారంటే వెళ్ళి లైన్లో నిలబడ్డాడు. టేబుల్ వెనక నన్స్ ఉన్నారు. తీరా చూస్తే గడ్డాలున్న నన్స్! ముఖానికి తెల్లరంగు, రెప్పలకు తళుకులు, నెత్తిన నల్ల ముసుగు, ఒంటిమీద నల్ల గౌను. వాళ్ళంతా గే మగవాళ్ళు. మతం పేరు చెప్పి ఎదుటివాడిని సిగ్గుతో చంపే పెద్దమనుషులున్నారే, వాళ్ళను ఎగతాళి చేయడానికే ఆ వేషం. వేషం వేళాకోళమే గానీ పని వేళాకోళం కాదు. జబ్బుపడి నా అన్నవాళ్ళు లేనివాళ్ళ దగ్గర ఆస్పత్రిలో కూర్చుంటారు, వీధిలో డాన్సాడి చందాలు పోగేస్తారు, శనివారం శనివారం సరుకులు పంచుతారు. వేషంలో ఉన్నంతసేపూ ఒకరినొకరు ‘ఆమె’ అనే అనాలి. అదీ వాళ్ళ పద్ధతి.

వాళ్ళలో పెద్ద సిస్టర్ బ్లిజర్డ్. రిటైరైన బస్ డ్రైవర్. యోగానంద్ సంచిలో ఇంకో బియ్యం ప్యాకెట్ పడేసి, “అట్లా గంతులేస్తున్నావేం పిల్లాడా, బాత్రూమ్ అటు!” అంది. యోగానంద్ పగలబడి నవ్వాడు. ఈ దేశం వచ్చాక అంత నవ్వు అదే మొదలు.

తర్వాతి శనివారం డబ్బాలు మోయడానికి వెళ్ళాడు. ఎండాకాలానికల్లా అతనికీ ముసుగు కప్పి పేరు పెట్టారు. స్టూడెంట్లు వారానికి ఇరవై గంటలు మించి పనిచేయకూడదన్న రూలు మీద జోకులేయడం వాళ్ళకు భలే సరదా. అందుకే ఇతని పేరు సిస్టర్ ట్వెంటీ అవర్స్. చిత్రమేమిటంటే, ముఖం దాచుకున్న ఆ కాసేపే అతని కాళ్ళు నెమ్మదించేవి.

అద్దెకున్న బేస్‌మెంట్‌లో అతనితో ఇంకో ఇద్దరు. చింటు నోట్లో నువ్వుగింజ నానదు. ఈ నన్స్ ఫోటో ఫోన్‌లో చూసి వారం రోజులు వెక్కిరించిన ఘనుడు. రెండోవాడు కొమరయ్య, మెతక మనిషి. నవంబర్ రాగానే అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్లబట్టలు, మెడలో పూసలు, చన్నీళ్ళ స్నానం. మంచులో ఉత్తకాళ్ళతో తిరుగుతానంటే గుళ్ళో గురుస్వామి తిట్టి బూట్లు తొడిగించాడు. మాల ఉన్నన్నాళ్ళూ నీచు ముట్టకూడదు, అబద్ధం ఆడకూడదు. కనబడ్డ మగవాడినల్లా స్వామి అనాలి, ఆడవాళ్ళనల్లా మాత అనాలి. చింటు కూడా ‘అరేయ్’ మానేసి స్వామీ అనక తప్పలేదు.

ఆ నెలలోనే కొమరయ్యకి షిఫ్టులు తగ్గాయి. శనివారం యోగానంద్ తల ఎత్తి చూసేసరికి లైన్లో నల్లబట్టల స్వామి!

టేబుల్ కిందికి దూరిపోదామనుకున్నాడు. మళ్ళీ తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. రంగు ఉంది, ముసుగు ఉంది, నోరు తెరవకుంటే చాలు. కింద మాత్రం కాళ్ళు ఆగడం లేదు.

కొమరయ్య ఎదురుగా వచ్చి నిలబడి ఒక సూప్ డబ్బా తీసుకున్నాడు. దాని మీద క్యారెట్లు, బఠాణీలు, పెద్దక్షరాల్లో ‘వెజిటబుల్’ అని. వెనకవైపు చిన్నక్షరాల్లో ఉన్నది యోగానంద్‌కి తెలుసు. కూరగాయలు ఉడికించింది గొడ్డు మాంసం రసంలో. డబ్బా సంచిలోకి పోతోంది. ఇంగ్లీషులో చెబుదామన్నా గొంతు గుర్తుపడతాడు. చెప్పకపోతే పాపం, రాత్రి అదే తింటాడు.

“స్వామీ, అది వద్దు! దాంట్ల బీఫ్ ఉంది!”

అంతే. తెలుగులో, సిద్దిపేట తెలుగులో, హాలంతా వినబడేలా అరిచేశాడు. కొమరయ్య చెయ్యి ఆగింది. ముసుగు వంక చూశాడు, తర్వాత యోగానంద్ మణికట్టు వంక చూశాడు. అక్కడ పెనం కాలిన మచ్చ ఉంది. ఆ రోజు పసుపు రాసింది కొమరయ్యే. డబ్బా వెనక్కి పెట్టాడు. యోగానంద్ ఇచ్చిన శనగల ప్యాకెట్ రెండు చేతులా అందుకుని వెళ్ళిపోయాడు.

యోగానంద్ రంగు కడుక్కుని ఎక్కాల్సిన బస్సు వదిలేశాడు. తర్వాతిది ఎక్కి రెండు స్టాపులకే దిగి నడిచాడు. మళ్ళీ వెనక్కి నడిచాడు. స్వామి అబద్ధం ఆడడు. చింటు అడుగుతాడు. చింటుకి తెలిస్తే కాలేజీ గ్రూపుకి తెలుస్తుంది, గ్రూపుకి తెలిస్తే సిద్దిపేటకి తెలుస్తుంది. మేలు చేయబోయి మెడకు చుట్టుకుందని ఏడుపొచ్చింది.

పొద్దుగూకాక బేస్‌మెంట్ తలుపు తీసి, ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా అక్కడే నిలబడ్డాడు. మళ్ళీ పారిపోవాల్సి వస్తే కాలికి ఒక బూటైనా ఉండాలి గదా. మూల అట్టపెట్టె మీద అయ్యప్ప పటం ముందు దీపం వెలుగుతోంది. పొయ్యి మీద శనగలు ఉడుకుతున్నాయి.

“స్వామీ, గా ఆడేషం మొగోళ్ళ దగ్గరికేనా పోయింది? ఎవలిచ్చిన్రు గివన్నీ?” చింటు పళ్ళికిలించాడు.

యోగానంద్ తలుపు పిడి పట్టుకున్నాడు.

“ఒక మాత ఇచ్చింది,” అన్నాడు కొమరయ్య. “సూపుల గొడ్డుకూర రసం ఉందని గామెనే చెప్పింది. లేకుంటే నా దీక్ష పోతుండె.”

“మాతనా? అక్కడ ఆడోళ్ళు...”

“మాలల ఉండి అబద్ధం ఆడుతనా?”

చింటు ప్లేట్లు కడగడానికి పోయాడు. కొమరయ్య హారతి పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. యోగానంద్ చేతిలో ప్రసాదం పెట్టి, భుజం మీది నల్ల కండువా కొసతో అతని చెవి వెనక మెల్లగా తుడిచాడు. కండువాకి తెల్లరంగు అంటింది.

“జెర మిగిలింది మాతా,” అన్నాడు చింటుకి వినబడకుండా.

యోగానంద్ ప్రసాదం నోట్లో వేసుకుని, కింద కూర్చుని, రెండో బూటు కూడా విప్పాడు.