పైనుంచి తీసిన అమ్మ

నిన్న దువ్వాడ నుంచి వచ్చే సిటీ బస్సులో ఎవరో ఎండు నెత్తళ్ళ సంచితో ఎక్కితే చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నాకు ఆ వాసనకి ముందు మా అమ్మ పైడితల్లి, వెనకే ఆమెను సినిమాలో తీసిన కెమెరామన్ గుర్తొచ్చారు. అతని మీద నా కోపం ఇన్నేళ్ళకీ చల్లారలేదు.

విశాఖ ఫిషింగ్ హార్బరు పక్కన అమ్మ ఇసుకలో పాత వలలు పరిచి చేపలు ఎండబెట్టేది. వేసవి సెలవుల్లో నేను కాకుల్ని తోలుతూ, గవ్వలతో ఆడుతూ, ఆకలేస్తే కాల్చిన నెత్తళ్ళూ పచ్చిమామిడి ముక్కా నంజుకుని చోడంబలి తాగుతూ ఆమె పక్కనే ఉండేదాన్ని. బేరం చెప్పేటప్పుడు అమ్మ కూర్చున్నచోటి నుంచే కుడిచెయ్యి చాచి వేళ్ళు విప్పేది. ఆ చెయ్యి లేస్తే ఎంత పెద్ద వ్యాపారైనా ఆగి వినేవాడు.

నా తొమ్మిదో ఏట అక్కడికి షూటింగ్ వచ్చింది. కెమెరామన్ హీరో కోసం ఇసుకలో గొయ్యి తవ్వించి కెమెరాని అందులోకి దించాడు. అమ్మ కోసం మాత్రం నిచ్చెనెక్కాడు. కిందనుంచి తీస్తే మనిషి కొండంత కనబడతాడనీ, పైనుంచి తీస్తే నలిగిపోయినట్టుంటాడనీ, తెరలో మూడొంతుల్లో రెండొంతులు హీరోకిచ్చి ఈమెని మూలకి తొయ్యాలనీ అసిస్టెంటుకి చెబుతుంటే విన్నాను గానీ నాకు అర్థం కాలేదు. రోజూ చేసినట్టే చెయ్యి చాచమని అమ్మకి చెప్పి, చేపల తట్ట అడ్డమొస్తోందని అసిస్టెంటు చేత కాలితో పక్కకి నెట్టించాడు.

సినిమా విడుదలైనరోజు అమ్మ కొత్తచీర కట్టుకుంది, మా వీధి వీధంతా హాలుకి వెళ్ళాం. తెరనిండా హీరో బూట్లు, వాటికింద మూలన చెయ్యి చాచిన ఆడమనిషి. తట్ట లేదు, చేప లేదు. వెంటనే హీరో ఓ అరచేతిలో నోటు పెట్టాడు. గాజుల్ని బట్టి ఆ చెయ్యి అమ్మది కాదని నాకు తెలిసింది, హాలుకి తెలియలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

రోడ్డు మీదికొచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాను అడుక్కున్నానేటే? బేరం సెప్తన్నాను కదా," అంది నాతో.

ఆ ఏడాదంతా హార్బరులో ఆమెని 'సినిమా ముష్టిది' అన్నారు. అమ్మ చెయ్యి చాచడం మానేసి, తలవంచుకుని నోటితోనే ధర చెప్పేది.

మరుసటి వేసవిలో అదే కెమెరామన్ ఇంకో సినిమా తియ్యడానికి మళ్ళీ వచ్చాడు. అమ్మ తట్ట తీసుకెళ్ళి అతని నిచ్చెన ముందు కూర్చుంది.

"కిందకి దిగు బాబూ. నా ఎదర కూకొని తియ్యి. తట్టతో తియ్యి."

అతను కసరనైనా కసరలేదు. ఒక కన్ను మూసి కెమెరాలోకి చూసి, దాన్ని కొంచెం ఎడమకి తిప్పించాడు. అంతే, అమ్మ ఫ్రేములో లేకుండా పోయింది. అయినా ఆమె ఎండలో సాయంత్రందాకా లేవలేదు.

ఇప్పుడు ఆ ఇసుక మీద సిమెంటు పరిచారు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ సినిమా టీవీలో వచ్చిన ప్రతిసారీ అతన్ని తిట్టుకుంటూనే ముందుకి జరిగి కూర్చుంటాను. కదిలే అమ్మ నాకు ఇంకెక్కడా లేదు.