గోరంట్ల బస్సు

మా ఆసుపత్రిలో పేర్లు రాసుకునే గుమాస్తా, ప్రతి రోగినీ "యా బస్సుకొస్తివప్పా?" అని అడిగి, అది కూడా రిజిస్టరులో రాసేవాడు. నేను కొత్తగా చేరిన నర్సును, అది చూసి నవ్వుకునేదాన్ని.

బావులు అడుగంటిన ఆ వేసవిలో కలరా వచ్చింది. కొన్నాళ్లకు ఓ నాలుగు రోజులు రోగులు తగ్గారు. జిల్లా నుంచి వచ్చిన అధికారి వార్డులోకి అడుగైనా పెట్టకుండా, అంకెలు చూసి "వ్యాధి తగ్గుముఖం పట్టింది" అని రాసి, మా సెలైన్ పెట్టెలన్నీ వెనక్కి తీసుకెళ్లడానికి జీపెక్కించాడు.

గుమాస్తా రిజిస్టరు ఆయన ముందు పెట్టాడు. "గోరంట్ల బస్సు చెడిపోయి నాలుగు దినాలాయ సార్. ఆ పక్కనుంచి ఒక్కరూ రాల్యా. రోగం యాడ తగ్గింది?"

"నీ పని పేర్లు రాయడమే" అన్నాడా పెద్దమనిషి.

మర్నాడు బస్సు వచ్చింది. వరండా నిండిపోయింది. ఎక్కించడానికి సెలైన్ లేదు. గుమాస్తా తలవంచుకుని పేర్లు మాత్రం రాశాడు. ఆ తర్వాత ఎవరినీ ఏ బస్సని అడగలేదు.