మొదటి కేకలు ఆయనకే

మా డ్రిల్లు మాస్టారు పోయారని ఫోను వచ్చేసరికి నేను నరసరావుపేటలో మా బడి హాల్లో మైకు సరిచూస్తున్నాను. వక్తృత్వ పోటీలకు ఇంకా వారమే ఉంది. నిజం చెబుతున్నాను, ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఆయన లేకుండా ఆ హాలును ఎవరు పట్టగలరు?

మా పల్నాడు పిల్లలు చెడ్డవాళ్లు కారు. సరదా ఎక్కువ, అంతే. స్టేజీ మీద ఎవరైనా తడబడితే చాలు, వెనక వరసల్లోంచి ఒకడు కోడిపుంజులా కూస్తాడు. వెంటనే హాలంతా అందుకుంటుంది. కూసినవాడు మధ్యాహ్నానికి మరిచిపోతాడు. మైకు ముందు నిలబడ్డవాళ్ల చెవుల్లో మాత్రం అది ఏళ్ల తరబడి మోగుతూనే ఉంటుంది. నేను ఇదే బడిలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, వక్తృత్వ పోటీలో మొదటిసారి స్టేజీ ఎక్కాను.

ఆ రోజు నాకంటే ముందు మాస్టారే మైకు పట్టుకున్నారు. మెడలో విజిల్ వేలాడుతున్నా హాల్లో ఏనాడూ ఊదింది లేదు. "మనమే ఊదితే వాళ్లకి ఈల నేర్పినట్టేగా" అనేవారు. గొంతెత్తి ఒక పద్యం అందుకున్నారు. శ్రుతీ లేదు, లయా లేదు. హాలు గొల్లుమంది. కూతలు, ఈలలు, బల్లల మీద దరువులు.

"ఏందిరా, ఇంతేనా? ఉన్న కేకలన్నీ నా మీదే వేసెయ్యండి. పిల్లలకి మిగల్చబాకండి!"

వాళ్ల గొంతులు బొంగురుపోయేదాకా పాడి, దిగివెళ్లి చివరి వరసలో అల్లరి మూక మధ్యన కూర్చున్నారు. నేను మాట మరిచిపోయిన చోట ఒక్కరూ కూయలేదు. ఈ రోజు నేను పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ పొద్దు ఆయన తిన్న కేకల పుణ్యమే.

రిటైరై వెల్దుర్తి వెళ్లిపోయాక కూడా పోటీలనాడు పొద్దున్నే బస్సు దిగేవారు. "ఇప్పటికైనా పాడటం వచ్చిందా సార్?" అని ఆటపట్టిస్తే, "వస్తే ఈ ఉద్యోగం కూడా ఊడుద్దమ్మా" అనేవారు.

ఈసారి నత్తి ఉన్న ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె పేరిచ్చింది. "నువ్వు ఎక్కమ్మా, ముందు నేను తింటాగా" అని ఫోన్లో ఒప్పించింది మాస్టారే.

పోటీ నాడు ఆమెను తెర పక్కన నిలబెట్టి నేనే మైకు ముందుకు వెళ్లాను. పద్యం అందుకున్నాను. అపశ్రుతి కోసం నేను ప్రత్యేకంగా కష్టపడనక్కర్లేదు. అయినా హాల్లో చడీచప్పుడూ లేదు. పోయిన మనిషి మీద గౌరవం. చివరి వరసలో ఆయన ఏటా కూర్చునే కుర్చీని కూడా ఖాళీగా వదిలారు. ఆ కేకలన్నీ వాళ్ల గొంతుల్లో అలాగే ఉన్నాయి. నా తర్వాత రావలసింది ఆ పిల్ల.

"అరవండ్రా" అన్నాను. ఎవరూ అరవలేదు.

అప్పుడు తెర పక్కనుంచి కోడి కూసింది. సన్నగా, ఎక్కడా తడబడకుండా. చూస్తే ఆ పిల్లే.

హాలు ఒక్కసారిగా విరుచుకుపడింది. వాళ్లు అలిసిపోయేదాకా పాడి, వెళ్లి ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. ఆ పిల్ల మైకు ముందుకు వచ్చి నోరు తెరిచింది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. నా చుట్టూ ఉన్న పిల్లలంతా ఊపిరి బిగబట్టారు. నేను రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుని, ఆమె పెదవుల వంకే చూస్తున్నాను.