వాగు దగ్గర ఆగిన బండి

దయ్యాల మాట ఎత్తితే నేను నవ్వేదాన్ని. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఒక మొండితనం ఉంటుంది. ఏం జరిగినా దానికో కారణం ఉంటుంది, మనకింకా దొరకలేదంతే అనుకుంటాం. నేనిప్పటికీ అలాగే అనుకుంటాను. కానీ పోయిన వేసవిలో హన్మకొండలోని మా గదిలో జరిగినదానికి మాత్రం కారణం దొరకలేదు.

నేనూ, బొమ్మలు గీసే నా స్నేహితురాలు రజితా కలిసి ఒక మొబైల్ గేమ్ చేస్తున్నాం. ఎడ్లబండిలో ఒక కుటుంబం అడవి దారిన మేడారం జాతరకు పోతుంటుంది. ఎడ్లు వాటంతటవే నడుస్తాయి, తెర మీద వేలు ఆనిస్తే ఆగుతాయి, తీస్తే కదులుతాయి. వాగు వచ్చినప్పుడు బండి అంచున ఉన్న పిల్లల్ని మనం వేలితో లోపలికి జరపాలి. లేకపోతే కుదుపుకు నీళ్లలో పడతారు, ఆట ముగుస్తుంది.

ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడవాలి. అన్ని ఫోన్లు కొనే స్తోమత మాకు లేదు. రజిత వాళ్లన్న డ్యూటీ దిగి వస్తేనే ఐఫోన్ మా చేతికి వచ్చేది. మిగతావి తెలిసినవాళ్లను అడిగి తెచ్చుకున్నాం. హైదరాబాద్‌లో ఒక కంపెనీవాళ్లు చూస్తామన్నారు. వాళ్లకు నచ్చకపోతే గది ఖాళీ చేసి ఉద్యోగాలు వెతుక్కోవడమే. ఆ రోజుల్లో మా ఇద్దరికీ అన్నం సయించేది కాదు.

మా గది కింద రాజమ్మ అత్త స్టీలు సామాన్ల దుకాణం. ఆమె భర్త చనిపోయి ఏడాది కాలేదు. ఆయన ఫోన్ తెచ్చి మా చేతిలో పెట్టింది.

"ఊకెనే పడున్నది బిడ్డా, మీకన్న పనికొస్తది."

ఆమెను అడిగి, లోపలున్నవన్నీ తీసేసి ఆట ఎక్కించాం. ఆ ఒక్క ఫోన్‌లో మాత్రం, ఎవరో నొక్కి ఆపినట్టు, బండి వాగు ఒడ్డున ఆగిపోయేది. ప్రోగ్రామంతా వెతికాను. తప్పు కనబడలేదు. రిపేరు షాపుకు తీసుకెళ్లాం.

"గోస్ట్ టచ్ అంటరక్కా. తెర ఖరాబైతే దానంతటదే నొక్కుకుంటది," అన్నాడతను.

ఆ దయ్యం పేరు విని రజిత నవ్వింది. తెర మార్పించాం. అయినా బండి ఆగింది.

వేలు తగిలిన చోట తెల్లని చుక్క కనిపించే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. ఒక మధ్యాహ్నం అది పెట్టి, చార్జర్ తీసేసి, నెట్ ఆపేసి, ఫోన్‌ను టేబుల్ మీద ఉంచాను. ఇద్దరం దూరంగా నిలబడ్డాం. వాగు వచ్చింది. తెర మీద తెల్లని చుక్క వెలిగింది. బండి ఆగింది. తర్వాత ఆ చుక్క బండి అంచున కూర్చున్న పాపను పట్టి, మెల్లగా, తొందర లేకుండా, నడుమకు జరిపింది. అప్పుడుగానీ బండి నీళ్లలోకి దిగలేదు.

రజిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నీళ్ల మోటరు వెయ్యమని చెప్పడానికి అప్పుడే రాజమ్మ అత్త పైకి వచ్చింది. మా ముఖాలు చూసి ఏమైందని అడిగింది. ఆట మళ్లీ మొదలుపెట్టి చూపించాను. ఆమె చివరిదాకా చూసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మీ మామ గిట్లనే చేస్తుండె. జాతరకు పోతే వాగు కాడ బండి ఆపి, పిల్లలను నడుమకు జరిపినంకనే ఎడ్లను దిగనిస్తుండె."

ఆ సంగతి మాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి రజిత ఆ ఫోన్ వైపు వీపు పెట్టి కూర్చోలేదు. రెండు రోజులకు తిరిగిచ్చేశాం.

"ఆట మాత్రం తీయకు," అంది అత్త. గిరాకీ లేనప్పుడు ఫోన్ గల్లాపెట్టె మీద ఆనించి, ముట్టుకోకుండా చూస్తుండేది.

హైదరాబాద్ కంపెనీ మా ఆట తీసుకుంటామంది. ఆ మాట చెబుదామని దుకాణానికి వెళ్తే అత్త కంగారుగా ఉంది.

"ఇయ్యాల బండి ఆగలే బిడ్డా. పిల్ల వాగుల పడ్డది."

మళ్లీ మళ్లీ పెట్టి చూశాను. ఎక్కడా చుక్క వెలగలేదు. మిగతా ఫోన్లలోలాగే బండి నేరుగా నీళ్లలోకి దిగింది, పాప పడిపోయింది. ఫోన్‌లో గానీ ఆటలో గానీ మేం ఏదీ మార్చలేదు.

అత్త స్టూలు దగ్గరికి లాక్కుంది.

"ఎట్ల జరపాలె? నాకు జర నేర్పు."

ఆమె వేలు పట్టుకుని నేర్పాను. పాప నడుమకు వచ్చింది. ఇప్పుడు రోజూ తనే జరుపుతోంది.

ఆ చుక్క ఎందుకు వెలిగిందో, ఎందుకు మానిందో ఈరోజుకీ నాకు తెలియదు.