వ్యాను కింద పాదాలు

డ్రైవింగ్ స్కూల్లో తెరముందు కుర్రాళ్లని కూర్చోబెట్టి, ఉత్తుత్తి కారుతో రోడ్డు ప్రమాదాలు తప్పించుకోవడం నేర్పే టీచరమ్మకి పిల్లలు పెట్టిన పేరు ‘మళ్లీ మేడం’. ఎవరు గుద్దినా తిట్టదు. ఎడమకాలు చాపుకుని నిటారుగా కూర్చుని, "మళ్లీ" అంటుంది, అంతే. తెరమీద ఆగివున్న వ్యానునీ, దాని వెనకనుంచి అడుగేసే పచ్చగొడుగు మనిషినీ పట్టుబట్టి పెట్టించింది ఆవిడే.

ఇవాళ దూకుడుగా బండి నడిపి లైసెన్సు పోగొట్టుకున్న కుర్రాడొకడు శిక్షణకొచ్చాడు. మూడేళ్లకిందట కారు ముందద్దం వెనక ఒక్క క్షణం చూసిన ఆ మొహాన్ని ఆవిడ మరిచిపోలేదు. వాడికి మాత్రం ఆవిడెవరో తెలీదు. ఆరుసార్లు గొడుగుని గుద్దేశాడు. గుద్దినప్పుడల్లా వాడి మొహం పాలిపోతుంటే ఆవిడకి కడుపు చల్లబడింది.

"మనిషొస్తుందని నాకెలా తెలుస్తుంది మేడం?"

"వ్యాను కింద చూడు నాయనా. ముందు పాదాలు కనబడతాయి."

ఏడోసారి చూశాడు, బ్రేకు తొక్కాడు. "ఆపేశాను!" అంటూ గర్వంగా ఇటు తిరిగి, కొత్తగా నేర్చుకున్నది కదా, ఆవిడ కుర్చీ కిందికీ చూశాడు. కుడిపాదానికి చెప్పుంది. ఎడమది ప్లాస్టిక్ పాదం. పక్కనే గోడకి ఊచలు వంగిన పచ్చగొడుగు.

"మేడం... ఆరోజు నేను..." లేవబోయాడు.

"కూర్చో," అందావిడ, ఎంతో నెమ్మదిగా. "మనకింకా పదివారాల శిక్షణుంది. మళ్లీ."