మస్కట్ వీసా అనే న్యూట్రాన్

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. పాఠం బాగా చెబితే పిల్లలు నిద్రపోరన్నది ఒకటి, లెక్చరరు ఉద్యోగం చూసి ఎవరైనా పిల్లనిస్తారన్నది రెండోది. అమలాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. మామిడికుదురు నుంచి రోజూ బస్సులో వెళ్లి రావడం. జీతం సంగతి అడక్కండి (మా అమ్మ కూడా అడగడం మానేసింది). అప్పటికి కొద్దిరోజుల ముందే పలివెలలో ఒక అమ్మాయిని చూసి వచ్చాం. కొత్తపేటలో బ్యాంకులో పనిచేస్తోంది. కాఫీ ఇచ్చి లోపలికి వెళ్తూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, తిరిగి చూసింది. అంతే, నా పని అయిపోయింది. వాళ్ల నాన్నగారు మాత్రం చాలా ఏళ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చిన మనిషి, అంత తేలిగ్గా తేల్చలేదు. "ఉజ్జోగం పర్మినెంటు కాదంటన్నారు కదండీ. ఆలోసించుకుని కబురు సేత్తామండి" అన్నారు. ఆ కబురు కోసం నేను ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతూ ఉండగా, సిలబస్‌లో కేంద్రకాల పాఠం వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల తరవాత క్లాసు. కొబ్బరికాయ పచ్చడీ, పప్పుచారూ తిని వచ్చిన పిల్లలకి కేంద్రక విచ్ఛిత్తి గురించి చెప్పి మేలుకొలపడం దేవుడి తరం కూడా కాదు. అయినా చెప్పాను. యురేనియం 235 కేంద్రకం అసలే బరువెక్కి అవస్థపడుతూ ఉంటుంది. దానిలోకి నెమ్మదిగా ఒక న్యూట్రాన్ వచ్చి చేరిందంటే, నీళ్లు నింపిన బెలూన్‌లా ఊగి, సాగి, నడుం దగ్గర సన్నబడి రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కల ద్రవ్యరాశీ, బయటపడిన న్యూట్రాన్ల ద్రవ్యరాశీ కలిపి చూస్తే మొదట ఉన్నదానికన్నా రవ్వంత తక్కువ. ఆ తరుగే శక్తిగా మారుతుంది. బయటపడిన రెండో మూడో న్యూట్రాన్లు పక్కనున్న కేంద్రకాలను విరగ్గొడతాయి, వాటిలోంచి వచ్చినవి మరికొన్నింటిని. ఇదే శృంఖల చర్య. ఇంత గొప్ప సంగతి చెబుతుంటే చివరి బెంచీలో ఒకడు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది. సరే, చేసి చూపిస్తాననుకున్నాను.

"ఇప్పుడు నేను మొదటి బెంచీలో ఒకరి చెవిలో ఒక వార్త చెబుతాను. విన్నవాళ్లు మరో ఇద్దరికి చెప్పాలి. ఆ వార్తే న్యూట్రాన్" అన్నాను. ఏ వార్త? పిల్లలు చెప్పకుండా ఉండలేనిదై ఉండాలి. మా కోనసీమలో అలాంటి వార్త ఒక్కటే ఉంది. మొదటి బెంచీలో రేడియో అని పేరు పడ్డ అమ్మాయి ఉండేది. ఆమె చెవిలో "నాకు మస్కట్ వీసా వచ్చింది" అన్నాను. ఆహా, ఏం చెప్పమంటారు! గది కళ్ల ముందే వెలిగిపోయింది. నేను నల్లబల్ల దగ్గర నిలబడి వ్యాఖ్యానం అందుకున్నాను. అరుచుకుంటూ పరిగెత్తేవాడి మాట ఎవరూ పట్టించుకోరు, నెమ్మదిగా వచ్చి చెవిలో చెప్పేవాడి మాటే పట్టుకుంటారు, న్యూట్రాన్‌ని కూడా అలా నెమ్మదింపజేసేదాన్నే మితకారి అంటారు. గదిలో నలుగురే ఉంటే వార్త కిటికీలోంచి బయటికిపోయి చల్లారిపోతుంది, అందుకే తగినంత యురేనియం ఒకచోట ఉండాలి, దాన్ని సందిగ్ధ ద్రవ్యరాశి అంటారు. విని మింగేసి ఎవరికీ చెప్పనివాళ్లను మధ్యమధ్య కూర్చోబెడితే చర్య అదుపులో ఉంటుంది, వాళ్లే నియంత్రణ కడ్డీలు. (మా ఇంట్లో మా నాన్నగారు అలాంటి కడ్డీ.) చివరి బెంచీవాడు కూడా లేచి "ఎప్పుడండీ సార్ ఫ్లైటు?" అని అడిగాడు. జన్మ ధన్యమైందనుకున్నాను. బెల్లు కొట్టారు. "సోమవారం కేంద్రక సంలీనం" అని బల్ల మీద రాసి, సుద్దముక్క విసిరేసి హుందాగా బయటికి వచ్చాను. అది ఉదాహరణ మాత్రమేనని చెప్పడం మరిచిపోయాను.

సాయంత్రం రాజోలు బస్సెక్కేసరికి కండక్టరు నాకు సీటు చూపించాడు. రోజూ నన్ను "ముందుకు జరగండి మాస్టారూ" అనేవాడు! "మస్కటంట కదండీ? మా బావమరిదీ అక్కడేనండి" అన్నాడు సంబరంగా. మా వైపు మనుషులు అంత సంతోషంగా అడిగితే ముఖాన కాదని కొట్టేయడం మర్యాద కాదు. "చూడాలండీ" అన్నాను. నిజం చెప్పాలంటే మర్యాద ఒక్కటే కాదు, ఆ సీటు కూడా బాగుంది. ఇంటికి చేరేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. జరిగింది చెప్పాను. అమ్మ నవ్వి నెత్తిన ఒకటి మొట్టింది. నాన్నగారు అంతా విని, "పొద్దున్నే అందరికీ లేదని చెప్పెయ్" అని తన పనిలో తాను పడ్డారు. చెప్పేవాణ్ణే. ఇంతలో ఫోన్ మోగింది. పలివెల నుంచి. "మంచిమాట ఇన్నామండీ! రేపు ఆదివారం కదండీ, అమ్మాయిని కూడా తీసుకుని మీ ఇల్లు సూసెల్దామని" అంటున్నారు అమ్మాయి తండ్రి. ఫోన్ పెట్టేశాక అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. "ఒక్క పూటేగా! వాళ్లు సరే అన్నాకా వీసా కేన్సిలయ్యిందందాం" అంది అమ్మ మెల్లిగా. నేను వద్దనలేదు. ఇక్కడే నా బతుకులో మొదటిసారి నా మీద నాకు రోత కలగాలి. కలగలేదు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను.

తెల్లారింది. మా ప్రాంతంలో ఎవరికైనా వీసా వచ్చిందంటే అతని పెట్టెలో సగమే అతనిది, మిగతా సగం ఊరిది. గల్ఫులో ఉన్న కొడుకులకి, మొగుళ్లకి పంపాల్సినవన్నీ పట్టుకుని జనం వస్తారు. పలివెలవాళ్లకన్నా ముందు సామాను దిగింది. సున్నుండలు, అప్పడాలు, మోకాళ్ల నొప్పుల తైలం, ఎవరో పసుపు రాసిన తాయెత్తు. నేను ఇస్త్రీ చొక్కాలో అరుగు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లకీ తల ఊపుతూ, అవి తీసుకుని గోడవారగా పెడుతున్నాను. నాన్నగారు ఒక్కసారి బయటికి వచ్చి ఆ వరుస చూసి, నా ముఖం చూసి, తోటలోకి వెళ్లిపోయారు.

కారు దిగిన పలివెల పెద్దాయన ఆ సామాను చూసి మురిసిపోయారు. కూర్చుంటూనే మెడికల్ అయ్యిందా, కంపెనీ వీసాయా లేక ఇంట్లో పనికిచ్చే వీసాయా, అకామడేషన్ వాళ్లదేనా అని మొదలుపెట్టారు. పరీక్షహాల్లో నా విద్యార్థుల బాధేమిటో నాకు అప్పుడు తెలిసింది. "అన్నీ చూస్తన్నారండీ" అన్నాను. ఎవరు చూస్తున్నారో దేవుడికే తెలియాలి. అమ్మాయి మాత్రం తలొంచుకుని కూర్చుంది, ముఖంలో కళ లేదు. అప్పుడు వచ్చింది మా వెనకింటి అత్తయ్యగారు, చీరచెంగులో పొదివి పట్టుకున్న ఆవకాయ జాడీతో.

"మా పెద్దోడికి బాబూ. ఈ ఏడు పెట్టిన ఆవకాయ. రెండేళ్లయ్యింది ఆడొచ్చి. అక్కడి తిండి దిగటం లేదంటన్నాడు. నువ్వెల్తన్నావని ఇని పేణం లేసొచ్చింది."

అందరూ నన్నే చూస్తున్నారు. "తప్పకుండా ఇస్తానండీ అత్తయ్యగారూ" అన్నాను. రెండు చేతులతో తీసుకున్నాను. జాడీ ఇంకా ఆవిడ ఒంటి వెచ్చదనంతోనే ఉంది.

పెద్దవాళ్లు పిల్లలు మాట్లాడుకోవాలంటూ మమ్మల్ని పెరట్లోకి పంపారు. అరటి చెట్ల పక్కన నిలబడ్డాం. ఆ అమ్మాయే మొదలుపెట్టింది. "తప్పుగా అనుకోకండేం. ఈ సంబంధం నాకు వద్దండి. మా నాన్నగారు అక్కడున్నన్నాళ్లూ నేను ఆయన గొంతు ఫోన్లో వింటూనే పెరిగేను. మళ్లీ అలాగే బతకలేనండి. మొదట మీరు పాఠాలు చెప్పుకుంటారని విని నచ్చేరు." ఇంతకన్నా ఏం కావాలి మనిషికి? గబగబా నిజం చెప్పేశాను. వీసా లేదు, గీసా లేదు, అది శృంఖల చర్య అని. ఆ ఊపులో సంలీనం కూడా చెప్పాను. హైడ్రోజన్ కేంద్రకాలు రెండూ ధనావేశమే, దగ్గరకొస్తే ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి, కోట్ల డిగ్రీల వేడిలో విపరీతమైన వేగంతో ఢీకొని అతి దగ్గరకొస్తే మాత్రం ఇంకో బలం పట్టుకుని రెంటినీ ఒకటి చేస్తుంది, కలిసినదాని బరువు విడివిడి బరువులకన్నా తక్కువ, ఆ తక్కువైనదే సూర్యుడి వెలుగు అని. (అవునండీ, పెళ్లిచూపుల్లో చెప్పాను.) ఆ అమ్మాయి నవ్వింది. గుమ్మం దగ్గర ఆగి చూసిన నాటి చూపు మళ్లీ వచ్చింది ఆ కళ్లలోకి.

తరవాత ఆ నవ్వు మెల్లిగా ఆగింది.

"మరి ఆవిడ జాడీ ఎందుకు తీసుకున్నారండీ?"

నేను పక్కనున్న అరటాకును చీలుస్తూ నిలబడ్డాను. ఆ అమ్మాయి లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా ఫోన్ వచ్చింది. "ఏం సేత్తామండీ, మా అమ్మాయి ఎంత సెప్పినా ఒప్పుకోటం లేదండి" అన్నారు పెద్దాయన. పాపం, ఆయనకి అమ్మాయి నా గుట్టు చెప్పలేదు. ఆ దయ నన్ను ఇంకా ఎక్కువ కాల్చింది.

ఫోన్ పెట్టేసి ఇంటింటికీ తిరిగి సామాను తిరిగిచ్చాను. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు, తిట్టినవాళ్లే నయమనిపించారు. వెనకింటి అత్తయ్యగారు అంతా విని పొట్ట పట్టుకుని నవ్వింది. "పాఠంలో సెప్పేవా! ఓరి నీ అసాధ్యం కూలా!" అంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, జాడీ మూత సరిచేస్తూ, "అయితే మావాడికి అందదన్నమాట" అంది. నేను తల ఎత్తలేకపోయాను. సీసా ఒకటి తెచ్చి అందులో కాస్త ఆవకాయ తీసి, "నువ్వు తిను బాబూ, ముఖం అలా పెట్టకు" అని నా చేతిలో పెట్టింది.

పలివెల అమ్మాయికి ఆ ఏడే పెళ్లయిందని విన్నాను, వరుడు ఊళ్లోనే ఉండే మనిషేనట. నాకూ పెళ్లయింది. మా ఆవిడకి ఈ కథంతా చెబితే, సంలీనం దగ్గర పడీపడీ నవ్వింది, జాడీ దగ్గర మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పాఠం ఇప్పటికీ ఏటా చెబుతూనే ఉన్నాను, సుద్దముక్కతో, బల్ల మీద గీసి, బుద్ధిగా. అప్పుడప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని సున్నుండల డబ్బాల మధ్య కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. సిగ్గుతో ముడుచుకుపోతాను, వాడి అమాయకత్వానికి కాస్త నవ్వూ వస్తుంది. వెళ్లి వాడి పక్కన కూర్చుని చెప్పాలనిపిస్తుంది: లేదని చెప్పెయ్ రా పిచ్చోడా, ఆ అమ్మాయికి కావలసింది వీసా లేనివాడే.