బావిలో దూకినా చావని నాయిక

ఆ రోజుల్లో కంప్యూటర్లో బొమ్మ కదిలించగలిగినవాణ్ణి గుంటూరు మొత్తం విచిత్రంగా చూసేది (అలా చూసేలా ఊరంతా డప్పు కొట్టుకున్నది కూడా నేనే). ఆరు నెలల కోర్సు చేసి, మూడు కంప్యూటర్ల స్టూడియోకి నేనే దర్శకుణ్ణని చెప్పుకు తిరుగుతున్న నాకు, ఒక మిర్చి షావుకారు దేవుడిలా దొరికారు. వాళ్ళమ్మగారు, అంటే మేమంతా మామ్మగారు అనే ఆవిడ, పెళ్ళయిన కొత్తలో ఒక నవల చదివి మూడు రోజులు అన్నం ముట్టలేదట. అందులో నాయిక బావిలో దూకుతుంది, మొగుడు ఉరేసుకుంటాడు, మిగిలినవాళ్ళ సంగతి కలరా చూసుకుంటుంది. దాన్ని ఇంటిల్లిపాదీ చూసే బొమ్మల సినిమాగా తీయమన్నారు షావుకారు. "పిల్లలు జడుసుకోకూడదు. మా అమ్మ మాత్రం ఏడవాలి. రెండూ కుదిరితేనే సినిమా. లేదా, సత్తెనపల్లి పోయి మీ నాన్నతో కలిసి పత్తికి మందు కొట్టుకో!"

కలరా తీసేసి ఎక్కిళ్ళు పెట్టాను. ఉరితాడును ఉయ్యాల చేశాను. బావిలో దూకిన నాయికను కప్పలు పల్లకీలో పైకి మోసుకొచ్చాయి. తీరా నమూనాగా చేసిన కొన్ని ముక్కలు చూపించే రోజున, బస్తా నడిమధ్యలోంచి గుప్పెడు కాయలు తీసి చూడందే సరుకు కొనని షావుకారు, "మొదలూ చివరా ఎవడైనా బాగానే సర్దుతాడబ్బాయ్, మధ్యలోది వెయ్యి" అన్నారు. మధ్యలో ఉన్నవి కప్పలే! వాటిని చూసి మామ్మగారు ఏడవరని నాకు ముందే అనుమానం. అందుకే ప్రదర్శన ఆయన మిర్చి కొట్లోనే పెట్టించి, మూతి విప్పిన బస్తాల వెనక టేబుల్ ఫ్యాను తిప్పి ఉంచాను. (ఆ ఘాటులోనే పుట్టి పెరిగినవాళ్ళకు అది అగరొత్తుల వాసనతో సమానమని నా బుర్రకు తట్టలేదు.) పిల్లలు పకపకా నవ్వుతున్నారు. తల్లీ కొడుకులు కళ్ళార్పకుండా చూస్తున్నారు. నేనొక్కణ్ణే తుమ్ముతూ, ముక్కు చీదుతూ భోరున ఏడుస్తున్నాను.

"మా అమ్మ ఏడవలేదయ్యా" అంటూ షావుకారు లేచారు. నా వీపు మీదికి పత్తికి మందు కొట్టే డబ్బా ఎక్కినట్టే అనిపించింది.

"ఒరేయ్, కూర్చో" అన్నారు మామ్మగారు. నా వైపు తిరిగి, "ఏం అబ్బాయ్, ఆ పిల్ల పైకి వచ్చేసినట్టేనా? మళ్ళీ దూకదుగా?"

"దూకదండి. కప్పలు... హాచ్... ఒప్పుకోవండి."

ఆవిడ మళ్ళీ కొడుకు వైపు తిరిగారు. "యాభై ఏళ్ళుగా ఆ పిల్ల బావిలోనే ఉందిరా నాకు. ఇప్పటికి బయటపడింది. ఇంకా ఏడవమంటావేంట్రా? మొత్తం తీయించు!"

తీశాం. ఒక ఆదివారం లోకల్ కేబుల్లో వేశారు, అంతే, స్టూడియో కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. కానీ ఈ సంగతి చెప్పినప్పుడల్లా, మామ్మగారు ఎలా ఉన్నారని ఎవరో ఒకరు అడుగుతారు. (ఆవిడ పోయి పదేళ్ళు దాటింది.) "నిక్షేపంలా ఉన్నారండీ, మొన్ననే ఫోన్ చేశారు" అంటాను.